గ్రేడియస్‌లో షిప్పు పేలిపోయాకే అసలు ఆట

గ్రేడియస్ అంటే శానా కష్టమైన గేమ్ అని అందరూ అంటారు, ఎందుకు కష్టం అని అడిగితే మాత్రం గుండ్లు ఎక్కువ, శత్రువులు ఎక్కువ, స్క్రీన్ మీద తప్పించుకునే తావే ఉండదు అని చెప్తారు. నా మటుకు నాకు అది కాదు. గుండ్లు తప్పించుకోడం కొన్నాళ్ళు కూర్చుని ఆడితే ఎవరికైనా వచ్చేస్తుంది. ఆ గేమ్‌లో అసలు కష్టం, అసలు అందం కూడా, ఒకసారి మన షిప్పు పేలిపోయిన తర్వాత మొదలవుతుంది. ఈ మాట ఎప్పట్నుంచో రాయాలని ఉంది, ఈ మధ్య రాత్రిపూట ఇంట్లో అందరూ పడుకున్నాక మళ్ళా దాన్నే పట్టుకుని ఆడతా ఉండా కాబట్టి ఇంక రాసేస్తా ఉండా, కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

తెలీనోళ్ళ కోసం ముందు గేమ్ సంగతి చెప్పేస్తా. 1985లో జపాన్ కంపెనీ కొనామీ దీన్ని ఆర్కేడ్ మిషన్ల (గేమ్ సెంటర్లలో నాణెం వేసి ఆడే పెద్ద మిషన్ల) కోసం తీసింది. వాళ్ళదే 1981లో స్క్రాంబుల్ అని ఒకటి ఉండేది, కొండల మీద ఎగురుతా కాలుస్తా బాంబులేస్తా పోవడమే పని, దాన్ని ఇంకా పెద్దగా చేద్దామని మొదలుపెట్టి చివరికి ఇది తయారుచేసినారు. జపాన్ బయట ఆర్కేడ్‌లో దీనికి నెమిసిస్ అని పేరు పెట్టినారు. మన షిప్పు పేరు విక్ వైపర్. స్క్రీన్ దానంతట అదే జరుగుతా ఉంటుంది, మనం ఎడమ నుంచి కుడికి పోతా ఉంటాం, ఎదురుగా వచ్చేవన్నీ కాల్చాలి, గోడకు తగిలినా చావే, గుండు తగిలినా చావే, ఒక్క దెబ్బ అంతే.

ఇంతవరకు మామూలే, అప్పట్లో ఇట్లాంటివి బోలెడు. తేడా యాడుందంటే స్క్రీన్ అడుగున ఒక పట్టీ ఉంటుంది చూడండి, అందులో. వరుసగా ఆరు గళ్ళు: స్పీడప్, మిస్సైల్, డబుల్, లేజర్, ఆప్షన్, ఆఖర్న ఒక ప్రశ్న గుర్తు, అది షీల్డు. కొన్ని శత్రువుల్ని కాలిస్తే ఎర్రటి క్యాప్సూల్ ఒకటి పడుతుంది, ఎర్ర రంగులో వచ్చేవాటిని కొడితే పడుతుంది, లేదంటే ఫ్యాన్ల మాదిరి తిరుగుతా వరుసగా వచ్చే గుంపుని ఒక్కటి కూడా వదలకుండా మొత్తం కొడితే చివరిది పేలిన చోట పడుతుంది. ఆ క్యాప్సూల్ పట్టుకుంటే పట్టీలో వెలుగు ఒక గడి ముందుకు పోతుంది. వెలుగు ఏ గడి మీద ఉందో అది కావాలంటే బటన్ నొక్కాల, నొక్కితే అది మనకొస్తుంది, వెలుగు ఆరిపోయి మళ్ళా మొదటికి. వద్దంటే ఓపిక పట్టి ఇంకో క్యాప్సూల్ కోసం చూడాల. అంటే చేతిలో ఉన్న ఒక్క క్యాప్సూల్‌తో ఇప్పుడే స్పీడు కొనుక్కుంటావా, లేకపోతే ఐదు పోగయ్యేదాకా ఈ నత్తనడక షిప్పుతోనే ఈదుకుంటా పోయి ఆప్షన్ తీసుకుంటావా అని ప్రతి క్షణం నిన్నే అడుగుతా ఉంటుంది గేమ్. వేరే షూటర్లలో ఏది పడితే అది తీసుకోవడమే, ఇందులో మాత్రం దుడ్లు లెక్కపెట్టుకుని ఖర్చు పెట్టాల్సిందే.

ఆప్షన్ గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. నారింజ రంగులో గుడ్డు మాదిరి ఉండే చిన్న వెలుగు ముద్ద అది. దానికి చావు లేదు, నువ్వు ఏం కాలిస్తే అదీ అదే కాలుస్తుంది, నువ్వు పోయిన దారినే నీ వెనకాల వస్తుంది, నువ్వు ఆగితే ఆడే ఆగిపోతుంది. ఈ ఆఖరి ముక్కే కీలకం. కొంచెం పైకి పోయి ఆగినామంటే ఆప్షన్ నీ కింద నిలబడుతుంది, వెనక్కి జరిగి ఆగితే నీ ముందు నిలబడుతుంది, అట్లా రెండు మూడు ఆప్షన్లని మన కదలికతోనే స్క్రీన్ మీద కావాల్సిన చోట పేర్చుకోవచ్చు. నువ్వు కొండ చాటున ఉండి ఆప్షన్‌ని మాత్రం బయటపెట్టి కాల్పించొచ్చు. ఇది ఎవరూ నేర్పరు, గేమ్‌లో యాడా రాసి ఉండదు, ఆడతా ఆడతా ఉంటే ఒకరోజు చేతికే తెలిసిపోతుంది.

సరే ఇప్పుడు అసలు విషయం. రెండు స్పీడప్‌లు, మిస్సైల్, లేజర్, ఆప్షన్లు, షీల్డు అన్నీ పెట్టుకుని మహారాజులాగా పోతా ఉంటావు, మూడో స్టేజీ సగంలో ఏదో ఒక చిన్న గుండు. అంతే. అన్నీ పోతాయి, ఒక్కటి కూడా మిగల్దు. కాస్త వెనక ఉన్న చెక్‌పాయింట్ కాడ, స్పీడు కూడా లేని ఒట్టి షిప్పుతో, టప్ టప్ అనే చిన్న గుండ్లతో నిలబెడుతుంది. అలిపిరి నుంచి నడిచి మోకాళ్ళ మిట్ట దాకా ఎక్కినోడి దగ్గర బ్యాగు, నీళ్ళ బాటిలు అన్నీ లాక్కొని గాలిగోపురం కాడ వదిలేసి మళ్ళా ఎక్కు నాయనా అంటే ఎట్లుంటుందో అట్లుంటుంది. దీనికి ఆడేవాళ్ళల్లో ఒక పేరే ఉంది, గ్రేడియస్ సిండ్రోమ్ అంటారు. శానామంది ఆ క్షణంలోనే రీసెట్ కొట్టేస్తారు, మొదట్నుంచి ఆడుకుంటాంలే, ఈ ఒట్టి షిప్పుతో పోయేది లేదు అని. ఆడే ఆగిపోతారు వాళ్ళు, సగం గేమ్ చూడకుండానే.

నేను దీన్ని మొదటిసారి చూసింది తొంభైల చివర్లో, తిరుపతి కొర్లగుంటలో మా వీధి చివర ఒక ఇంటి ముందుగదిలో. గంటకు ఇంత అని దుడ్లు తీసుకుని టీవీ గేమ్ ఆడనిచ్చేవాళ్ళు, రెండు టీవీలు, రెండు మిషన్లు, వైర్లు తెగిపోతే ఇన్సులేషన్ టేపు చుట్టిన రిమోట్లు (జాయ్‌స్టిక్ అనేవాళ్ళం కాదు, అందరికీ రిమోటే). పసుపుపచ్చ క్యాసెట్ మీద 9999 ఇన్ 1 అని ఉండేది, లోపల చూస్తే పదీ ఇరవై గేములే తిరిగి తిరిగి వస్తా ఉండేవి. అందరూ కాంట్రా, మారియో, రోడ్ ఫైటర్ కోసం కొట్టుకునేవాళ్ళు. పుత్తూరు నుంచి మా బావ గంగమ్మ జాతరకని వచ్చినప్పుడు, మారియో ఉన్న టీవీ ఖాళీ లేదని ఊరికే లిస్టు కిందికి దించతా పోయి గ్రేడియస్ తగిలించినాడు. మొదటి స్టేజీ చివర రెండు అగ్నిపర్వతాలు రాళ్ళు చిమ్ముతా ఉంటాయి, ఆడికి రాగానే మా చుట్టూ ఉన్న పిల్లోళ్ళంతా ఆ టీవీ వదిలేసి ఈ టీవీ కాడికి వచ్చేసినారు. మా బావ "రేయ్, తొయ్యద్దండ్రా, చెయ్యి కదుల్తుంది" అని అరస్తానే ఉన్నాడు.

ఇప్పుడు నేను ఆడేది ల్యాప్‌టాప్‌లో. 2019లో కొనామీ వాళ్ళే పాత ఆర్కేడ్ గేములు కొన్ని కలిపి ఆర్కేడ్ క్లాసిక్స్ యానివర్సరీ కలెక్షన్ అని వదిలినారు, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల అంగట్లో దొరుకుతుంది, స్క్రాంబుల్ కూడా అందులోనే ఉంది. పెట్టి ఆన్ చెయ్యగానే నాకు తెలిసిన గ్రేడియస్ కాదనిపించింది, ఎందుకంటే శానా వేగంగా ఉంది. పాట కూడా బిరబిరా పోతా ఉంది. కొంచెం తవ్వితే సంగతి తెలిసింది. జపాన్ టీవీలు సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చేవి, గేమ్ లెక్కలన్నీ దానికి తగ్గట్టే రాసినారు, ప్రతి ఫ్రేముకి (ఒక్కో బొమ్మకి) షిప్పు ఇంత జరగాల, గుండు ఇంత జరగాల అని. మనవి పాల్ పద్ధతి టీవీలు, సెకనుకు 50. మనకు దొరికిన క్లోన్ (నకలు) మిషన్లు ఆ 50కే నడిచేవి. అంటే అసలు గేమ్‌లో ఒక సెకనులో అయిపోయేది మన కొర్లగుంట టీవీలో 1.2 సెకన్లు పట్టేది. మనమంతా చిన్నప్పుడు ఆడింది నిదానంగా నడిచే గ్రేడియస్. పాట రాసినావిడ మికీ హిగాషినో, ఆమె రాసిన వేగంలో ఆ పాట నేను ఇన్నేళ్ళకు విన్నా, నాకైతే రెండూ ఇష్టమే, నిదానంగా ఉన్నది ఇప్పటికీ నోట్లో ఆడతా ఉంటుంది.

వేగం ఒక్కటే కాదు, మనం ఆడిన టీవీ గేమ్‌కి ఆర్కేడ్‌కి ఇంకా తేడాలున్నాయి. ఫ్యామికామ్ (నింటెండో వాళ్ళ ఇంటి గేమ్ మిషన్, మన మిషన్లు దాని నకళ్ళే) కోసం 1986లో మార్చి రాసినప్పుడు మొత్తం గేమ్‌ని 64 కిలోబైట్లలో కుక్కినారు. ఇప్పుడు వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో ఒక్కటే దానికన్నా పెద్దది ఉంటుంది. పైగా ఆ మిషన్ ఒక అడ్డగీత మీద 8 స్ప్రైట్ల (కదిలే చిన్న బొమ్మల) కంటే ఎక్కువ గీయలేదు, తొమ్మిదోది వస్తే కనపడదు, అందుకే అన్నీ ఒకే ఎత్తులోకి వచ్చినప్పుడు శత్రువులు మిణుకు మిణుకుమంటా ఉండేవి. చిన్నప్పుడు అది టీవీ పాడైందనుకుని పైన ఒకటి కొట్టేవాళ్ళు ఆడ. ఈ కారణాల వల్లే ఆర్కేడ్‌లో పొడుగ్గా స్క్రీన్ అంతా పోయే లేజర్ మన క్యాసెట్‌లో పొట్టిగా ఉంటుంది, ఆర్కేడ్‌లో 4 ఆప్షన్లు పెట్టుకోవచ్చు, మనకు 2 మాత్రమే. ఆర్కేడ్ సంగతి ఇంకా విచిత్రం, జపాన్‌లో అది బబుల్ సిస్టమ్ అనే బోర్డు మీద వచ్చింది, అందులో ఉండే బబుల్ మెమరీ వేడెక్కితే గానీ పనిచెయ్యదు, అందుకని ఆన్ చేసినాక అది వేడెక్కేదాకా స్క్రీన్ మీద అంకెలు తగ్గుతా ఒక మెత్తటి పాట వస్తుంది. దాన్ని మార్నింగ్ మ్యూజిక్ అంటారు. గేమ్ సెంటర్ పొద్దున్నే తెరిచినప్పుడు వినపడే పాట కాబట్టి ఆ పేరు బాగా కుదిరింది.

మూడో స్టేజీ కాడికి వస్తా. ఈస్టర్ ద్వీపంలో ఉండే పెద్ద పెద్ద రాతి తలలు తెలుసు కదా, మోయాయ్‌లు, అవే అంతరిక్షంలో తేలే గడ్డల మీద పైనా కిందా వరసగా కూర్చుని ఉంటాయి. నోరు తెరిచి గుండ్రటి రింగులు వదుల్తాయి, ఒకటి కాదు, గుంపులు గుంపులుగా. నోట్లో కొడితేనే చస్తాయి, తల మీద ఎంత కొట్టినా రాయే. లేజర్, ఆప్షన్లు ఉంటే ఈ స్టేజీ పండగ, బటన్ నొక్కతా పోతే చాలు. ఒట్టి షిప్పుతో మధ్యలో దిగితే అప్పుడు తెలుస్తుంది ఆ తలలు ఎంత పెద్దవో.

ఆడ నేను చేసేది చెప్తా. దిగంగానే కాల్చడం గురించి ఆలోచించను, మొదటి క్యాప్సూల్ యాడొస్తుందో అది గుర్తు. ఆ ఒక్కటీ ఏం ఆలోచించకుండా స్పీడప్‌కే పెట్టేస్తా. షీల్డు కోసం దాచుకుందామని ఆశ పుడుతుంది, వద్దు, కదల్లేని షిప్పుకి షీల్డు ఎందుకు. తర్వాత మోయాయ్‌కి బాగా దగ్గరగా పోతా. భయమేస్తుంది గానీ దానికి కారణముంది: మన గుండ్లు ఒకేసారి స్క్రీన్ మీద కొన్నే ఉండగలవు, అవి తగిలేదాకానో స్క్రీన్ దాటేదాకానో కొత్తవి రావు. దూరం నుంచి కొడితే ప్రతి గుండూ అంత దూరం పోయి తగిలేదాకా చేతులు కట్టుకుని చూడాల. దగ్గరగా పోతే గుండు వెంటనే తగుల్తుంది, వెంటనే ఇంకోటి వస్తుంది, ఒట్టి షిప్పు కూడా మిషన్ గన్ అయిపోతుంది. రింగుల్ని కూడా కాల్చి పోగొట్టొచ్చు. అన్నీ కాల్చాల్సిన పన్లేదు, నా దారిలో ఉన్నవాటిని మాత్రం తీసేసి, నోరు తెరిచినప్పుడు నాలుగు దించి, పైకో కిందికో తప్పుకోడమే. రెండో క్యాప్సూల్ వచ్చినప్పుడు ఇంకో స్పీడు, ఆ తర్వాత అయితే డబుల్ కోసం ఆగుతా, ఎందుకంటే అది ఒక గుండు ముందుకు, ఒక గుండు ఏటవాలుగా పైకి కాలుస్తుంది, పైన తలకిందులుగా ఉండే మోయాయ్‌లకి అదే మందు. లేజర్ తీసుకుంటే డబుల్ పోతుంది, రెండూ కలిసి ఉండవు, ఇదొక తలనొప్పి మళ్ళా.

ఇట్లా ఒక్కో క్యాప్సూల్ కూడబెట్టుకుంటా, ఏమీ లేని కాడ్నుంచి ఆ స్టేజీ దాటి, చివర్లో వచ్చే బిగ్ కోర్ అనే పెద్ద శత్రువు షిప్పు ముందర ఒక్క ఆప్షన్‌తో నిలబడినప్పుడు ఉంటుంది చూడండి, అన్ని ఆయుధాలతో దూసుకుపోయినప్పుడు ఎన్నడూ రాని ఆనందం అది. చేతులు తడిచిపోయి ఉంటాయి. బిగ్ కోర్ నాలుగు లేజర్లు వదుల్తా పైకీ కిందికీ కదుల్తుంది, మధ్యలో అడ్డగోడలు ఒకదాని వెనక ఒకటి, అవన్నీ తొలుచుకుంటా పోయి లోపలున్న నీలం కోర్‌ని కొట్టాల. మన ఒక్క గుండు వరసనీ ఆ సందులోకి తిన్నగా పట్టుకుని, లేజర్లు వచ్చే లోపల తప్పుకుని, మళ్ళా అదే గీత మీదికి రావాల.

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి, వచ్చినప్పుడంతా ఫోన్‌లో బ్యాటిల్ గేములు ఆడతా ఉంటాడు, చెయ్యి మంచి చురుకు. నా పక్కన కూర్చుని కొంచెంసేపు చూసి "మామా, ఇందులో సేవ్ ఆప్షన్ ఉంది కదా, చచ్చిపోయే ముందర సేవ్ పెట్టుకుంటే అయిపోయె" అన్నాడు. నిజమే, ఆ కలెక్షన్‌లో యాడంటే ఆడ సేవ్ చేసుకోవచ్చు. నేను వాడికి చెప్పింది ఏందంటే, రేయ్ నాయనా, సేవ్ పెట్టుకుంటే నువ్వు చావవు, చావకపోతే ఈ గేమ్‌లో సగం నీకు కనపడదు. ప్రాక్టీసుకి వాడుకో, తప్పేం లేదు, నేనూ వాడతా, కానీ చచ్చిపోయిన తర్వాత, ఒట్టి షిప్పుతో చెక్‌పాయింట్ కాడ నిలబడినప్పుడు సేవ్ పెట్టుకో. ఆడ్నుంచి బయటపడేది మళ్ళా మళ్ళా ఆడు. చావక ముందరి సేవ్ కన్నా చచ్చినాక సేవ్ ఎక్కువ నేర్పిస్తుంది. వాడు నమ్మినట్టు ముఖం పెట్టలేదు గానీ రిమోట్ మాత్రం తీసుకున్నాడు.

వాడికి కొనామీ కోడ్ తెలుసు, యాడో రీల్స్‌లో చూసినాడంట. పైకి పైకి కిందికి కిందికి ఎడమ కుడి ఎడమ కుడి బీ ఏ. అది పుట్టింది ఈ గేమ్‌లోనే అని మాత్రం తెలీదు. ఆర్కేడ్ గ్రేడియస్‌ని ఫ్యామికామ్‌కి మార్చే పనిలో ఉన్న కజుహిసా హషిమోటో, ఆయన దాన్ని టెస్ట్ చెయ్యాలంటే చివరిదాకా ఆడాల, అది మరీ కష్టంగా ఉందని ఆయుధాలన్నీ దాదాపు ఒకేసారి వచ్చేట్టు తన కోసం ఆ కోడ్ పెట్టుకున్నాడు, అది అట్లే క్యాసెట్‌లో ఉండిపోయి బయటికొచ్చేసింది. 2020లో పోయినాడు ఆయన. తయారుచేసే మనిషికే కష్టమైన గేమ్ అని తెలిసినప్పుడు నాకు దాని మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఇంకో సంగతి, ఇది శానామందికి తెలీదు. ఆర్కేడ్‌లో లోపల ర్యాంక్ అని ఒక లెక్క నడస్తా ఉంటుంది. నువ్వు ఎన్ని ఆయుధాలు పెట్టుకుంటే, ఎంతసేపు చావకుండా ఉంటే, గేమ్ అంత కోపంగా అవుతుంది, శత్రువులు ఎక్కువ కాలుస్తాయి. అంటే ఒట్టి షిప్పుతో దిగినప్పుడు మనం బలహీనమైనా గేమ్ కూడా కొంచెం చల్లబడి ఉంటుంది. తయారుచేసినోళ్ళు అది ఆలోచించే పెట్టినారని నాకనిపిస్తుంది. చచ్చిపోయినోణ్ణి తొక్కెయ్యడానికి కాదు, లేచి రావడానికి ఒక సందు వదిలినారు, ఇరుకు సందే గానీ ఉంది. రీసెట్ కొట్టినోళ్ళకి ఆ సందు ఎప్పటికీ కనపడదు.

చివరి స్టేజీ కోట లోపల, ఇరుకు దార్లు, గోడల నిండా తుపాకులు. అదంతా దాటినాక ఆఖరి బాస్ ఒక పెద్ద మెదడు. అది కాల్చదు, కదలదు, ఏమీ చెయ్యదు. ఊరికే కొడితే చచ్చిపోతుంది. మొదటిసారి చూసినోళ్ళకి ఇదేందిది అనిపిస్తుంది, నాకైతే అదే సరైంది అనిపిస్తుంది, అంత దూరం వచ్చినోడితో ఇంకా పోట్లాడేది ఏముంది. అది అయిపోతే గేమ్ మళ్ళా మొదటి స్టేజీ నుంచి, ఇంకా కష్టంగా మొదలవుతుంది.

ఇప్పుడు నేను ఆ రెండో రౌండులో ఉండా. అగ్నిపర్వతాలు దాటిపోతా ఉండా గానీ మోయాయ్‌లు ఇంకా వదిలిపెట్టడం లేదు, రింగులు మరీ ఎక్కువ. చెక్‌పాయింట్ కాడ ఒట్టి షిప్పుతో సేవ్ పెట్టి ఉంచా, మొదటి క్యాప్సూల్ పైనుంచి వచ్చే ఎర్రదాంట్లో ఉంది, దాన్ని పట్టే దారి దొరికింది, రెండోదే ఇంకా దొరకలేదు. మా అల్లుడు ఆదివారం వస్తానన్నాడు, ఆ రెండోదాని సంగతి తను చూస్తానంట.